పేమెంట్ మెయిల్ చదవడం ఎలా? డబ్బు కదిలిందో లేదో ఒక్క మాటలో తెలిసిపోతుంది

తెనాలిలో ఉండే మా పిన్ని ఇంట్లోనే పచ్చళ్లు పట్టి ఆన్‌లైన్‌లో అమ్ముతుంది. పోయిన వేసవిలో ఒకరోజు ‘పేమెంట్ ఇనిషియేటెడ్, రూ.2,340’ అని ఆమెకు మెయిల్ వచ్చింది. అంకె కనపడగానే డబ్బు పడిందనుకుని మూడు కిలోల ఆవకాయ ప్యాక్ చేసి కొరియర్ కుర్రాడి చేతిలో పెట్టేసింది. పది నిమిషాలకే ‘ఫెయిల్డ్’ అని రెండో మెయిల్ వచ్చింది గానీ, అది జీమెయిల్‌లో ప్రమోషన్స్ ట్యాబ్‌లోకి పోయి కూర్చుంది. కొన్నావిడ మంచి మనిషి కాబట్టి, వారం తర్వాత అడిగితే మళ్లీ పంపింది. ఆ వారమంతా పిన్ని పడిన టెన్షన్ మాత్రం అంతా ఇంతా కాదు. అప్పుడు ఆమెకు ఫోన్లో ఒక్కొక్కటిగా చెప్పిన సంగతులే ఇవి. మీరు డబ్బు తీసుకునేవారైనా, కట్టేవారైనా పనికొస్తాయి.

ముందుగా, మెయిల్ మీకే వస్తోందా?

వినడానికి తమాషాగా ఉంటుంది గానీ, చాలామందికి అలర్టులు రాకపోవడానికి కారణం ఇదే. ఖాతా తెరిచిన రోజు ఫారంలో మెయిల్ ఐడీ అడిగితే కాలేజీ రోజులదో, నెట్ సెంటర్ అబ్బాయి అప్పటికప్పుడు తయారు చేసిందో రాసి ఉంటాం. దాని పాస్‌వర్డ్ ఇప్పుడు ఎవరికీ గుర్తుండదు. బ్యాంకు యాప్ తెరిచి ప్రొఫైల్‌లో ఏ మెయిల్ ఐడీ ఉందో చూడండి. పాతదైతే మార్పించండి. నెట్ సెంటర్‌లో చేయించిన ఐడీ అయితే ఈరోజే మార్చండి, దాన్ని తెరవగలిగేవాళ్లు వేరే ఉన్నట్టే లెక్క.

ఎస్సెమ్మెస్ వస్తోంది కదా, మెయిల్ ఎందుకు అనుకోవద్దు. చిన్న మొత్తాలకు ఎస్సెమ్మెస్ ఆపేసిన బ్యాంకులున్నాయి. హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు 2024 జూన్ 25 నుంచి యూపీఐలో 100 రూపాయల లోపు పంపినా, 500 లోపు అందుకున్నా ఎస్సెమ్మెస్ పంపడం మానేసి, మెయిల్ మాత్రం కొనసాగించింది. మోసగాళ్లు తరచూ ముందు చిన్న మొత్తం లాగి చూస్తారు, అది తెలిసేది మెయిల్‌లోనే.

రెండోది, పంపిందెవరు?

మెయిల్ పైన పెద్దక్షరాల్లో కనిపించే పేరును నమ్మొద్దు. అక్కడ ఎవరైనా ఏ పేరైనా పెట్టుకోవచ్చు. ఫోన్లో జీమెయిల్ అయితే ఆ పేరు కింద ‘టు మీ’ అన్నచోట నొక్కండి, అసలు చిరునామా బయటపడుతుంది. అందులో ‘ఎట్’ గుర్తు తర్వాతి భాగమే మీకు కావాల్సింది. దాన్ని కుడి నుంచి ఎడమకు చదవడం అలవాటు చేసుకోండి. విదేశాల నుంచి డబ్బు తెప్పించుకునే పేపాల్ అనే కంపెనీనే తీసుకోండి. ‘పేపాల్ డాట్ కామ్’ అని ముగిస్తే అది పేపాల్. ‘పేపాల్ డాట్ కామ్ డాట్ వెరిఫై డాట్ షాప్’ అని ఉంటే, ఆ చిరునామా సొంతదారు వెరిఫై డాట్ షాప్ అనే ఎవరో. ముందున్న పేపాల్ అంతా ముసుగే.

మన బ్యాంకుల విషయంలో ఈమధ్య ఒక మంచి పని జరిగింది. బ్యాంకులన్నీ 2025 అక్టోబర్ 31 లోగా తమ వెబ్‌సైట్లను ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ చిరునామాకు మార్చుకోవాలని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. ఆ చిరునామాలు ఇచ్చేది హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లో ఉన్న ఐడీఆర్‌బీటీ అనే సంస్థ ఒక్కటే, అదీ బ్యాంకులకే ఇస్తుంది. బ్యాంక్‌కీ ఇన్‌కీ ముందు చుక్క ఉండాలని గుర్తుపెట్టుకోండి. ‘ఫలానా చుక్క బ్యాంక్ చుక్క ఇన్’ సరైనది. ‘ఫలానా-బ్యాంక్ చుక్క ఇన్’ అని మధ్యలో అడ్డగీత ఉన్నది ఎవరైనా కొనుక్కోగలిగే మామూలు చిరునామా. అయితే ఇది వెబ్‌సైట్ల సంగతి. మెయిళ్లు పాత చిరునామాల నుంచి వచ్చినంత మాత్రాన దొంగవని తేల్చేయకండి.

మూడోది, ఆ ఒక్క మాట

మెయిల్ అంతా చదవక్కర్లేదు. డబ్బు గురించి ఏ మాట వాడారో పట్టుకుంటే చాలు. ఈ మెయిళ్లు దాదాపుగా ఇంగ్లిష్‌లోనే వస్తాయి కాబట్టి ఆ మాటలనే చెబుతాను.

‘ఇనిషియేటెడ్’ అంటే మొదలుపెట్టారని. అంతే. పెళ్లిచూపులకు బయల్దేరామని చెప్పినట్టు. మా పిన్ని బోల్తా పడింది ఇక్కడే. ‘పెండింగ్’, ‘ప్రాసెసింగ్’ అన్నా మధ్యలో ఉందనే అర్థం. ఈ దశలో సరుకు ఇవ్వకూడదు, కట్టేవారైతే రెండోసారి కట్టకూడదు. యూపీఐలో పెండింగ్ అని చూసి కంగారుగా మళ్లీ పంపి, రెండూ వెళ్లిపోయి నెత్తి కొట్టుకున్నవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. మా ఇంట్లో అది నేనే.

‘ఆథరైజ్డ్’ అనే మాట కార్డులతో వస్తుంది. కార్డులో అంత డబ్బు ఉందని బ్యాంకు ఒప్పుకుని, ఆ మొత్తాన్ని పక్కన పెట్టింది. దుకాణదారు ఇంకా తీసుకోలేదు. హోటల్ గది బుక్ చేసినప్పుడు కొంత మొత్తం, కొత్త యాప్‌లో కార్డు నమోదు చేసినప్పుడు ఒకటి రెండు రూపాయలు ఇలాగే పక్కన పెడతారు, తర్వాత వదిలేస్తారు. దుకాణదారు దాన్ని తీసుకున్నప్పుడు వచ్చే మాట ‘క్యాప్చర్డ్’. అప్పటికీ డబ్బు ఆయన బ్యాంకు ఖాతాలోకి రాదు, పేమెంట్ కంపెనీ దగ్గర ఉంటుంది. అది ఖాతాలో పడ్డాక ‘సెటిల్డ్’ అంటారు. అమ్మేవారు చూడాల్సిన చివరి మాట ఇదే. క్యాప్చర్డ్ అని ఉంటే సరుకు పంపొచ్చు గానీ, ఆ డబ్బుతో సాయంత్రం మిరపకాయలు కొందామని లెక్క వేసుకోవద్దు. సెటిల్‌మెంట్‌కు ఒకటి రెండు పనిదినాలు పడుతుంది.

‘డెబిటెడ్’ అంటే మీ ఖాతా నుంచి పోయింది, ‘క్రెడిటెడ్’ అంటే వచ్చింది. బ్యాంకు మెయిల్‌లో ఈ రెండూ ఉంటే గట్టి మాటలు. ‘డిక్లైన్డ్’ అంటే బ్యాంకు ఒప్పుకోలేదు, సాధారణంగా డబ్బు కదలదు. ‘ఫెయిల్డ్’ దగ్గర మాత్రం జాగ్రత్త. పేమెంట్ ఫెయిల్ అయినా మీ ఖాతాలో కోత పడి ఉండొచ్చు. అలాంటప్పుడు తర్వాత ‘రివర్స్డ్’ అని ఇంకో మెయిల్ రావాలి.

దానికి గడువు కూడా ఉంది. 2019 సెప్టెంబర్‌లో రిజర్వ్ బ్యాంకు పెట్టిన నిబంధన ప్రకారం, యూపీఐలో మనిషికి పంపిన డబ్బు మీ దగ్గర కట్ అయి అవతలివారికి చేరకపోతే మర్నాటి లోగా వెనక్కి రావాలి. దుకాణానికి కట్టినదైతే 5 రోజుల్లో రావాలి. ఇవి క్యాలెండర్ రోజులే, ఆదివారమూ లెక్కలోకి వస్తుంది. గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున, మీరు అడగకపోయినా బ్యాంకువాళ్లే వేయాలి. అడగకుండా వేస్తారని నేను చేతులు కట్టుకు కూర్చోను, ఆ మెయిల్ జతచేసి అడుగుతాను.

‘రిఫండ్ ఇనిషియేటెడ్’, ‘రిఫండ్ ప్రాసెస్డ్’ అనేవి మరీ తికమక పెడతాయి. ప్రాసెస్డ్ అంటే దుకాణదారు వైపు పని అయిపోయిందని. మీ కార్డులో కనపడడానికి ఇంకా 5 నుంచి 7 పనిదినాలు పట్టొచ్చు. ఆ తర్వాత కూడా రాకపోతే ‘ఏఆర్ఎన్ నంబర్ ఇవ్వండి’ అని దుకాణదారును అడగండి. కార్డు రిఫండ్‌కు ఉండే 23 అంకెల నంబరది. దాన్ని మీ కార్డు ఇచ్చిన బ్యాంకుకు చెబితే రిఫండ్ ఎక్కడ ఆగిందో వెతికి చెప్పగలరు. ఈ నంబరు అడిగేసరికి కస్టమర్ కేర్ గొంతు కూడా కాస్త మారుతుంది, నిజం.

నాలుగోది, పేర్లు, అంకెలు

మొత్తం, తేదీ, కార్డు లేదా ఖాతా చివరి నాలుగంకెలు, రిఫరెన్స్ నంబర్. ఈ నాలుగూ చూడండి. చివరి నాలుగంకెలు మీవి కాకపోతే ఆ మెయిల్‌తో మీకు పనిలేదు.

దుకాణం పేరు దగ్గర అనవసరంగా భయపడేవాళ్లు చాలామంది. కంపెనీ బోర్డు మీద ఒక పేరు, రికార్డుల్లో ఇంకో పేరు ఉంటుంది. ఏఎన్ఐ టెక్నాలజీస్ అంటే ఓలా. వన్97 కమ్యూనికేషన్స్ అంటే పేటీఎం. జొమాటో కంపెనీ 2025లో ఎటర్నల్ అయింది. వీధి చివర టిఫిన్ సెంటర్‌లో కట్టిన 60 రూపాయలు ఆ యజమాని భార్య పేరు మీద కనిపిస్తాయి. తెలియని పేరు చూడగానే కార్డు బ్లాక్ చేసేయకుండా, ఆ రోజు ఆ సమయానికి ఎక్కడున్నారో ఒకసారి గుర్తుచేసుకోండి. గుర్తురాకపోతే అప్పుడు కంగారు పడొచ్చు.

యూపీఐ ఐడీ చివరి భాగం కూడా కొంత చెబుతుంది. ‘ఓకే’తో మొదలై బ్యాంకు పేరు ఉంటే గూగుల్ పే, ‘వైబీఎల్’ అయితే ఫోన్‌పే. యూపీఐ రిఫరెన్స్ నంబర్‌కు 12 అంకెలుంటాయి. నేను చూసినవాటిలో చాలావరకు మొదటి అంకె సంవత్సరం చివరి అంకె, తర్వాతి మూడు ఆ ఏడాదిలో ఎన్నో రోజో చెబుతాయి. 5032తో మొదలైతే 2025లో 32వ రోజు, అంటే ఫిబ్రవరి 1. నిన్న పంపానని చూపించిన మెయిల్‌లో నెల క్రితపు నంబరుంటే నాకైతే అనుమానం వస్తుంది. దీన్నొక్కదాన్నే రుజువుగా పట్టుకోకండి, అనుమానానికి మాత్రం పనికొస్తుంది.

విదేశాల నుంచి పేపాల్‌లో డబ్బు అందుకునే మనవాళ్లకు తేదీల దగ్గర తిరకాసు ఉంటుంది. మెయిల్‌లో ఉండేది అమెరికా పశ్చిమ తీరపు సమయం. దాని పక్కన పీడీటీ (వేసవి సమయం) అని ఉంటే మన గడియారం పన్నెండున్నర గంటలు ముందుంటుంది, పీఎస్టీ (మామూలు సమయం) అని ఉంటే పదమూడున్నర. మనకు మంగళవారం ఉదయం వచ్చిన డబ్బు అక్కడ సోమవారం కింద పడుతుంది. జీఎస్టీ లెక్కలు రాసుకునేవారు నెలాఖరున ఇది చూసుకోవాలి. అన్నట్టు, దేశం లోపలి చెల్లింపులను పేపాల్ 2021 ఏప్రిల్ 1 నుంచి మానేసింది. విజయవాడలో ఉన్నాయన హైదరాబాద్‌లో ఉన్న మీకు ‘పేపాల్‌లో పంపాను’ అన్నాడంటే ఆ మెయిల్ తెరవక్కర్లేదు.

మెయిల్ నిజం, లోపలి మాట అబద్ధం

ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి. చిరునామా సరిచూస్తే చాలని నేనూ చాలాకాలం అనుకున్నాను. చాలదు.

పేపాల్‌లో ఎవరికైనా ఖాతా ఉంటే, ఏ మెయిల్ ఐడీకైనా బిల్లు పంపొచ్చు, డబ్బు అడగొచ్చు. ఆ బిల్లుతో పాటు ఒక నోట్ రాసే వీలుంటుంది. మోసగాడు అందులో ‘మీ ఖాతా నుంచి యాంటీవైరస్ కోసం 600 డాలర్లు కట్ అయ్యాయి, మీరు చేయకపోతే వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి’ అని రాస్తాడు. ఆ మెయిల్ నిజంగా పేపాల్ సర్వర్ నుంచే వస్తుంది. చిరునామా సరైనదే, కంపెనీ డిజిటల్ సంతకం సరైనదే, స్పామ్‌లోకి కూడా పోదు. అందులో అబద్ధం ఆ నోట్ ఒక్కటే. నిజానికి ఒక్క డాలరూ కట్ కాలేదు, ‘ఇవ్వండి’ అని అడిగారంతే. ఆ నంబరుకు ఫోన్ చేసినవారితో ‘సరిచేస్తాం’ అంటూ స్క్రీన్ షేరింగ్ యాప్ వేయించి, అప్పుడు అసలు దోపిడీ మొదలుపెడతారు. అమెరికాలో ఉన్న పిల్లలు తల్లిదండ్రులకు కొనిపెట్టిన కంప్యూటర్‌కు ఏదో యాంటీవైరస్ ఉండే ఉంటుంది కాబట్టి, ఈ ఎర సులువుగా తగులుకుంటుంది.

మూడో మెట్టులో చెప్పిన మాటే ఇక్కడా కాపాడుతుంది. ‘ఇన్వాయిస్’, ‘మనీ రిక్వెస్ట్’ అని ఉంటే డబ్బు అడుగుతున్నారు. ‘యూ సెంట్’ అంటేనే మీ దగ్గరి నుంచి వెళ్లింది. మెయిల్‌లో ఉన్న నంబరుకు ఎప్పుడూ ఫోన్ చేయకండి. కార్డు వెనక నంబరుంటుంది, యాప్‌లో హెల్ప్ ఉంటుంది, అవి చాలు.

అమ్మేవారికి ఇంకో రకం వస్తుంది. ‘మీకు 15,000 పంపారు, మీది బిజినెస్ ఖాతా కాదు కాబట్టి ఆపి ఉంచాం, మరో 5,000 కడితే మొత్తం విడుదల చేస్తాం’ అని. డబ్బు తీసుకోవడానికి డబ్బు కట్టమనే పేమెంట్ కంపెనీ ఎక్కడా లేదు. అలాగే, డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ కొట్టక్కర్లేదు, క్యూఆర్ స్కాన్ చేయక్కర్లేదు. పిన్ కొట్టారంటే మీరు ఇస్తున్నట్టే.

జతచేసిన ఫైలు ఏపీకే (ఫోన్లో యాప్ ఎక్కించేది) అయినా, హెచ్‌టీఎంఎల్ (వెబ్ పేజీ) అయినా తెరవకండి. స్టేట్‌మెంట్లు మామూలుగా పాస్‌వర్డ్ ఉన్న పీడీఎఫ్‌లో వస్తాయి.

మెయిల్ మూసి, ఖాతా తెరవండి

ఏం చదివినా చివరికి ఈ పని చేయాలి. మెయిల్‌లోని లింకు నొక్కకుండా, బ్యాంకు యాప్‌ను మీ చేత్తో తెరిచి లావాదేవీల జాబితాలో ఆ మొత్తం ఉందో లేదో చూడండి. కొన్నవాళ్లు పంపే స్క్రీన్‌షాట్లూ, ఫార్వర్డ్ చేసిన మెయిళ్లూ సాక్ష్యాలు కావు. ఫార్వర్డ్ చేసేటప్పుడు లోపలి అంకెలు ఎవరైనా మార్చొచ్చు. పిన్నికి ఈ ఒక్కటి చెప్పడానికే నాకు నాలుగు ఫోన్లు పట్టాయి. ‘అడిగితే బాధపడతార్రా’ అంటుంది. బాధపడరు, పిన్నీ.

ముందే చెప్పే మెయిల్

ఓటీటీ, బీమా, క్లౌడ్ స్టోరేజ్ లాంటివాటికి ఆటోపే పెట్టుకుంటాం, తర్వాత మరిచిపోతాం. కార్డు నుంచి అలా తీసుకునే ముందు కనీసం 24 గంటల ముందు మీకు చెప్పాలన్నది రిజర్వ్ బ్యాంకు నియమం. 2021 అక్టోబర్ 1 నుంచి గట్టిగా అమలవుతోంది. ఆ మెయిల్‌లో ఎవరు తీసుకుంటున్నారు, ఎంత, ఎప్పుడు, ఎందుకు అని ఉంటుంది. మామూలు చెల్లింపులకు 15,000 దాకా ఓటీపీ అడగకుండానే తీసుకుంటారు కాబట్టి, ఆపాలనుకుంటే మీకు వచ్చే చివరి హెచ్చరిక ఈ మెయిలే. చాలామంది ప్రకటన అనుకుని తుడిచేస్తారు.

వద్దనుకుంటే ఆరోజే బ్యాంకు యాప్‌లో గానీ, యూపీఐ యాప్‌లో గానీ ఆటోపే విభాగానికి వెళ్లి మాండేట్ (డబ్బు తీసుకోవడానికి మీరిచ్చిన అనుమతి) రద్దు చేయండి. ఫోన్లోంచి యాప్ తీసేస్తే మాండేట్ పోదు. ఇల్లు ఖాళీ చేసినా పాలవాడికి చెప్పకపోతే పాకెట్ గుమ్మంలో పడుతూనే ఉంటుంది కదా, అలాగన్నమాట.

మీరు చేయనిది కనిపిస్తే

యాప్‌లో చూసి నిజంగానే డబ్బు పోయిందని తేలితే, ముందు కార్డు లేదా యూపీఐ బ్లాక్ చేయండి. బ్యాంకుకు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, లేదా సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో నమోదు చేయండి. పోయిన డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు పరుగెడుతూ ఉంటుంది, ఎంత తొందరగా చెబితే అంత మేరకు మధ్యలో ఆపించే వీలుంటుంది.

మెయిల్ వచ్చిన తేదీ ఇక్కడే అక్కరకొస్తుంది. 2017 జూలైలో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన నిబంధనల ప్రకారం, మీ తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా మధ్యలో ఎక్కడో జరిగిన మోసమైతే, అలర్ట్ అందాక 3 పనిదినాల్లోపు చెబితే మీకు నష్టం పడదు. 4 నుంచి 7 పనిదినాల మధ్య చెబితే మామూలు సేవింగ్స్ ఖాతాకు 10,000 దాకా మీరు భరించాల్సి రావచ్చు. అలర్ట్ అందిన రోజును ఈ లెక్కలో కలపరు. మీరే ఓటీపీ చెప్పేసి ఉంటే మాత్రం, బ్యాంకుకు తెలియజేసేదాకా పోయిన డబ్బు మీ నెత్తినే పడుతుంది. తెలియజేశాక పోయింది బ్యాంకు భరించాలి. అందుకే సిగ్గుపడి దాచుకోకుండా ఆ నిమిషమే ఫోన్ చేయాలి. 30 రోజుల్లో బ్యాంకు జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (ఫిర్యాదులు విచారించే అధికారికి) ఉచితంగా రాయొచ్చు. 14448కి ఫోన్ చేస్తే ఎలాగో చెబుతారు. అప్పుడు జతచేయడానికి ఆ మెయిల్ ఉండాలి కాబట్టి, పేమెంట్ మెయిళ్లకు జీమెయిల్‌లో విడిగా ఒక లేబుల్ పెట్టి, కనీసం ఆ ఏడాది లెక్కలు ముగిసేదాకా తుడిచేయకుండా ఉంచండి.

మా పిన్ని ఇప్పుడు ఇంకో అడుగు ముందుకేసింది. బ్యాంకు యాప్‌లో డబ్బు చూశాకే అట్టపెట్టెకు టేపు వేస్తుంది, దానిమీద స్కెచ్ పెన్‌తో రిఫరెన్స్ నంబరు చివరి నాలుగంకెలు రాస్తుంది. అంకెలు లేని పెట్టెను కొరియర్ కుర్రాడు అడిగినా ఇవ్వదు.